తాలిథ్లిన్ రైలును నిలిపిన చేతులు

సండేస్కూలులో కూర్చున్న వారికి మేరీ జోన్సు కథ తెలిసేయుంటుంది. వేల్సు దేశములో ఒక నేతపనివాని కూతురు. తన సొంత భాషలో ఒక బైబిలు కొనుక్కోవాలని ఆరేండ్లపాటు కాసులు కూడబెట్టింది. 1800లో, పదిహేనేండ్ల వయసున, సుమారు 40 కిలోమీటర్లు వట్టి కాళ్ళతో నడచి, బాలా పట్టణములో ఉన్న థామస్ చార్లెస్ అనే దైవసేవకుని యొద్దకు వెళ్ళి దానిని కొనుక్కొన్నది. 1804లో బైబిలు సొసైటి ఏర్పడిన వైనము చెప్పేటప్పుడు ఈ అమ్మాయి నడకను చెప్పకుండా ఎవరూ విడిచిపెట్టరు.

మేరీ పుట్టి పెరిగిన కొండల నడుమనే ఇంకొక కథ నడచింది. అది మన పల్లె సంఘాలలో ఎవరికీ అంతగా తెలియదు. ఇందులో మహాత్ములు లేరు, అద్భుతాలు లేవు. ఒక చిన్న రైలు ఉన్నది. దానిని చావనియ్యమని పట్టుబట్టిన గుమాస్తాలు, బడిపంతుళ్ళు, ఇంజనీర్లు, విద్యార్థులు, ఒకరిద్దరు పాదిరులు ఉన్నారు. జీతము తీసికొనకుండా, సెలవు దినాలలో వచ్చి, చేతులకు మసి పూసుకొని పనిచేసినవారు. ఇప్పటికీ చేస్తున్నవారు.

మేరీ జోన్సు 1864లో ప్రభువునందు నిద్రించింది. ఆ మరుసటి సంవత్సరము, అనగా 1865లో, తాలిథ్లిన్ రైలుకు బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసింది. సముద్రపుటొడ్డున ఉన్న టవిన్ అనే చిన్న ఊరి నుండి కొండలలోని పలకరాతి గని దగ్గరకు వేసిన దారి అది. ఇంటి కప్పులకు పరిచే నల్లని రాతిపలకలు ఆ గనిలో తీసేవారు. మనము చిన్నప్పుడు సంచిలో పెట్టుకొని బడికి మోసుకొనిపోయిన పలక ఉన్నదే, అటువంటి రాయే. ఆ గని పేరు బ్రిన్ ఎగ్లూయిస్. వేల్సు భాషలో ఎగ్లూయిస్ అనగా దేవాలయము, బ్రిన్ అనగా గుట్ట. ఆ పేర్లు పలకడానికి మన నాలుకలు తిరగవు. మేము కూడా ఈ వ్యాసము వ్రాయుటకు ముందు నాలుగైదుసార్లు పైకి పలికి చూచుకొనవలసి వచ్చింది.

పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 3 అంగుళాలు మాత్రమే. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుండి పర్లాకిమిడి మీదుగా గుణుపురము పోయే పాత చిన్న రైలు మన పాఠకులలో కొందరు ఎక్కియుంటారు. 1900లో మొదలై, 2004లో పెద్ద లైనుగా మార్చుట కొరకు నిలిపివేయబడిన ఆ బండి పట్టాలు రెండున్నర అడుగులు. తాలిథ్లిన్ దానికంటె మూడంగుళాలు ఇరుకు. అయినప్పటికీ బ్రిటనులో ఆవిరి ఇంజనుతో ప్రయాణికులను మోయుటకు పార్లమెంటు చట్టము ద్వారా అనుమతి పొందిన మొదటి చిన్న గేజి రైలు ఇదే.

దీనిని కట్టినప్పుడే ఒక పొరపాటు జరిగింది. ప్రారంభించే ముందు తనిఖీకి వచ్చిన కెప్టెన్ టైలర్ అనే ప్రభుత్వాధికారి, పట్టాలమీదుగా పోయే వంతెనల క్రింద చోటు చాలదని కనిపెట్టాడు. పెట్టె తలుపు తెరచుకొని ఎవరైనా బయటకు వచ్చితే వంతెన గోడకు నలిగిపోతారు. వంతెనలు పడగొట్టి మళ్ళీ కట్టే డబ్బు ఎవరి దగ్గర ఉన్నది? అందుచేత పట్టాలను వంతెన క్రింద ఒక ప్రక్కకు జరిపారు, పెట్టెలకు ఒక వైపు తలుపులు శాశ్వతముగా మూసివేశారు. నూటయాభై ఏండ్లు దాటినా ఈనాటికీ ఆ రైలుకు ఒక వైపే తలుపులు. తాతలు చేసిన తప్పును దాచిపెట్టకుండా, దానితోనే జాగ్రత్తగా కాపురము చేయడమంటే ఇదేనేమో!

1911లో ఈ గనిని, రైలును హెన్రీ హేడన్ జోన్స్ కొన్నారు. ఈయన పార్లమెంటు సభ్యుడు, 1910 నుండి 1945 వరకు అక్కడి ప్రజల ప్రతినిధి. తండ్రి భక్తిగీతాలకు రాగాలు కట్టిన సంగీతకారుడు. తమ్ముడో అన్నో అని సందేహము వద్దు, స్వయాన సహోదరుడైన జె. డి. జోన్స్ బోర్న్‌మత్ పట్టణములో పేరుగాంచిన సంఘకాపరి. హేడన్ జోన్స్ గారు తానే ఒక కీర్తనల స్వరసంపుటిని 1916లో ప్రచురించారు. ఇటువంటి ఇంట్లో పుట్టిన మనిషి చేతికి ఒక నష్టాల రైలు వచ్చింది. తాను బ్రతికియున్నంతకాలము ఈ బండి ఆగదని ఆయన అన్నారు. 1946 డిసెంబరులో గనిలో కొంత భాగము కూలింది, గని మూతపడింది. మోయుటకు రాయి లేదు. ప్రయాణికులు వేసవిలో వచ్చే కొద్దిమందే. అయినా ఆయన తన జేబులో డబ్బు వేసి, వారములో రెండు మూడు రోజులు బండి నడిపించారు. 1948లో బ్రిటను ప్రభుత్వము రైళ్ళన్నిటిని జాతీయము చేసినప్పుడు ఎందుచేతనో దీని పేరు ఆ పట్టికలో లేకపోయింది. తీసికొనిపోవుటకు కూడా ఎవరూ రాలేదన్నమాట. 1950 జూలైలో హేడన్ జోన్స్ గారు కన్నుమూశారు. ఆయన మాట ఆయనతో ముగిసింది.

ఇక్కడ టామ్ రోల్ట్ అనే ఒక రచయిత వస్తాడు. చదివింది ఇంజనీరింగు, బ్రతికింది పడవమీద, వ్రాసింది పాడుబడిన కాలువల గురించి. ఆయన 1949లోనే బర్మింగ్‌హామ్ పత్రికకు ఈ రైలును గూర్చి ఉత్తరము వ్రాశాడు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్‌లోని ఇంపీరియల్ హోటలులో ఒక బహిరంగ సభ పెట్టారు. వచ్చినవారు సుమారు 70 మంది. మనము ఒక ప్రార్థన కూటమి పెట్టినా అంతమంది వస్తారు. వారిలో చాలామందికి రైలు నడుపుట అనేది టిక్కెట్టు కొనుక్కొని ఎక్కుట మట్టుకే. ఆ రాత్రి వారు తీర్మానించుకొన్నది ఏమంటే, ఒక సంఘముగా ఏర్పడి, తామే ఆ రైలును నడపాలని. అప్పటికి ప్రపంచములో ఎక్కడా సామాన్య జనులు స్వచ్ఛందముగా కూడి ఒక రైలు మార్గమును నిలిపిన దాఖలా లేదు. ఇదే మొదటిది. హేడన్ జోన్స్ గారి భార్య రైలును ఈ క్రొత్తవారికి అప్పగించుటకు ఒప్పుకొన్నది. భర్త ఇచ్చిన మాటకు అవతలి గట్టున ఎవరో చెయ్యి అందించినట్లయింది ఆమెకు.

1951 మే 14న, పెంతెకొస్తు పండుగ మరునాటి సోమవారము, మొదటి బండి కదిలింది. కొండదాకా కాదు, రీడరోనెన్ అనే స్టేషను వరకే. అది సగము దారి కూడా లేదు. ఆ తరువాతి దారిలో బండి నడపగలమో లేదో అన్న భయము వారికి ఇంకా తీరలేదు.

వారి చేతికి వచ్చినదేమిటో కొంచెము వివరముగా చెప్పాలి. రెండు ఇంజన్లు ఉన్నాయి. మొదటిది తాలిథ్లిన్, 1864లో చేసినది, అది కదలలేని స్థితిలో షెడ్డులో పడియున్నది. రెండవది డొల్గోఖ్, 1866లో చేసినది. అప్పటికి దాని వయసు 85 ఏండ్లు. మొదటి వేసవి అంతా దాదాపు ఆ ముసలి ఇంజను ఒక్కతే బండ్లు లాగింది. అది ఆగిపోతే ఆ రోజుకు రైలు లేదు. ఇక పట్టాల సంగతి. స్లీపరు చెక్కలు పుచ్చిపోయి ఎంతోకాలమైంది. దారి పొడుగునా గడ్డి ఎంతగా అల్లుకొన్నదంటే, రైలు పచ్చిక బయలులో పోతున్నట్టుండేది. చూచుటకు వచ్చినవారికి అది ముచ్చటగా ఉండేది, ఫోటోలు తీసుకొనేవారు. వాస్తవానికి చాలా చోట్ల పట్టాలను పట్టి ఉంచినది చెక్కలు కావు, ఆ గడ్డి వేళ్ళే. శుభ్రము చేద్దామని గడ్డి పీకితే పట్టాలు జరిగిపోయే ప్రమాదము!

డొల్గోఖ్‌కు విశ్రాంతి ఇవ్వాలని, దగ్గరలోనే 1948లో మూతపడిన కోరిస్ అనే మరొక చిన్న రైలు ఇంజన్లు రెండింటిని ప్రభుత్వ రైల్వే యొద్ద కొన్నారు. ఒక్కొక్కటి 25 పౌండ్లు. పట్టాల వెడల్పు అదే 2 అడుగుల 3 అంగుళాలు గనుక ఇబ్బంది ఉండదనుకొన్నారు. ఒకదానికి సర్ హేడన్ అని, రెండవదానికి పాత మేనేజరు పేరున ఎడ్వర్డ్ థామస్ అని పేర్లు పెట్టారు. సర్ హేడన్‌ను పట్టాలమీదికి ఎక్కించారు. అది దిగి నేలమీద కూర్చున్నది. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ దిగింది. కొలిచి చూస్తే తాలిథ్లిన్ పట్టాల మధ్య ఎడము చెప్పిన దానికంటె అర అంగుళము దాకా ఎక్కువగా ఉన్నది. పాత ఇంజన్ల పొడవైన చట్రము వంపులలో ఇరుక్కోకుండా మొదటి నుండి అలాగే వేసియున్నారు. పాత ఇంజన్ల చక్రాల అంచులు వెడల్పు గనుక వాటికి చెల్లింది. క్రొత్తగా వచ్చినదాని చక్రాలు సన్నము, పట్టు తప్పి పడిపోయేది. అర అంగుళము తేడా! ఎడ్వర్డ్ థామస్ సంగతి వేరు. లీడ్స్ పట్టణములోని హన్స్‌లెట్ ఇంజను కంపెనీ ఒక్క పెన్నీ తీసికొనకుండ దానిని బాగుచేసి ఇచ్చింది. 1952లో అది వచ్చి పనిలో చేరింది.

ఇదంతా చదువుచుండగా మాకు మా సొంత సంగతి ఒకటి జ్ఞాపకము వచ్చి మనసు నొచ్చుకొన్నది. మేము మునుపు పరిచర్య చేసిన ఒక పల్లెలో మిషనెరీల కాలపు పెంకుటి మందిరము ఉండేది. మంచి టేకు దూలాలు. ఒక వేసవిలో కోతులు ఎక్కి 20 పెంకులు కదిలించాయి. ఎవరో ఒకరు నిచ్చెన వేసి ఎక్కితే అరపూట పని. సంఘ పెద్దలు కమిటీలో మాట్లాడదామన్నారు, కమిటీ పండుగ అయ్యాక చూద్దామన్నది, మేము కూడా సరేనన్నాము. నాలుగు వానాకాలాలు గడిచేసరికి దూలము కొస పుచ్చి కూలింది. చివరకు మందిరమంతా విప్పవలసి వచ్చింది. క్రొత్త మందిరమునకు పునాది వేసిన దినము ఎంత జనము, ఎన్ని పూలదండలు! ఆ 20 పెంకులు సర్దుటకు మాత్రము ఒక్కరు దొరకలేదు. అందులో మా వాటా తప్పు మాకున్నది. ఆరంభశూరత్వము అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. అందుకే, రైలును రక్షించిన ఆ మొదటి సభకంటె, ఆ తరువాత 70 ఏండ్లకు పైగా వారు చేస్తూ వచ్చిన చాకిరీ మాకు ఎక్కువ ఆశ్చర్యముగా తోచింది.

ఆ చాకిరీ ఎలా ఉంటుంది? బండి ఉదయము పదిగంటలకు బయలుదేరాలంటే ఇంజను వెలిగించేవాడు తెల్లవారగానే షెడ్డులో ఉండాలి. ముందు నిన్నటి బూడిద దులపాలి, పొగగొట్టము క్రిందనున్న మసి తీయాలి. బాయిలరులో నీరు చూడాలి. నీరు చూడకుండా నిప్పు పెట్టినవాడు ఇంజనును చంపినవాడే. తరువాత గుడ్డపీలికలు, పుల్లలు, ఆపైన బొగ్గు. నీరు ఆవిరియై తగినంత ఒత్తిడి వచ్చుటకు రెండు మూడు గంటలు పడుతుంది. తొందరపెట్టితే ఇనుము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ సాగి అతుకుల దగ్గర కారుతుంది. ఈలోగా నూనె డబ్బా పట్టుకొని క్రింద దూరి, కదిలే ప్రతి కీలుకు నూనె పోయాలి. ఇన్ని చేసిన తరువాత, ఇత్తడి సామాను తోమాలి. కొన్నాళ్ళకొకసారి బాయిలరు చల్లార్చి లోపల కడగాలి. మన ఇళ్ళల్లో నీళ్ళు కాచే తపేలా అడుగున తెల్లని పొర కట్టినట్లు దానిలోనూ కడుతుంది. దానిని వదిలేస్తే ఇనుము కాలి పగులుతుంది. కొన్నేండ్లకొకసారి బాయిలరునే చట్రమునుండి ఎత్తి, గొట్టాలన్నీ విప్పి పరీక్ష చేయించాలి. ప్రయాణికుల ప్రాణాలు మోసే పని గనుక, జీతగాడు చేసినా స్వచ్ఛందముగా వచ్చినవాడు చేసినా చట్టము ముందు ఒకే నియమము. “ఉచితముగా చేస్తున్నాము గదా” అన్న మాట తనిఖీ అధికారి దగ్గర చెల్లదు. మన సంఘాలలో ఉచిత సేవ అనగానే ఆలస్యముగా వచ్చినా ఎవరూ అడగరాదని అనుకొనేవారున్నారు. అక్కడ అలా కుదరదు.

పట్టాల పని ఇంకా కష్టము. వేల్సు కొండలలో వర్షము ఎక్కువ. కాలువ పూడితే నీరు కంకరలో నిలుస్తుంది, నీరు నిలిస్తే చెక్క పుచ్చుతుంది. అందుచేత చలికాలములో, ప్రయాణికులు లేని నెలలలో, గ్యాంగు వచ్చి కాలువలు తీస్తుంది, పొదలు నరుకుతుంది, పుచ్చిన స్లీపర్లు లాగి క్రొత్తవి వేస్తుంది. ఎవరూ చప్పట్లు కొట్టే పని కాదిది. ఇంజను మీద నిలువబడితే పిల్లలు చేయి ఊపుతారు గాని, కాలువలో నిలువబడిన వానికి ఎవరు ఊపుతారు? కూలిన గని తోడుగా మూలపడిన ఆ పాత దారిని వారు ఇలా ఒక్కొక్క చెక్కగా తిరిగి వేసికొన్నారు.

1952లో గార్డుగా పనిచేయుటకు వచ్చినవారిలో ఒక పల్లెటూరి పాదిరి ఉన్నాడు. పేరు విల్బర్ట్ ఆడ్రీ. కేంబ్రిడ్జి దగ్గర ఎల్స్‌వర్త్ అనే ఊరి సంఘకాపరి. 1942లో ఈయన కుమారుడు తట్టు వచ్చి మంచము పట్టితే, వానికి కాలము గడచుటకు రైలింజన్ల కథలు చెప్పాడు. ఆ కథలు 1945 నుండి పుస్తకములుగా వచ్చాయి. టీవీలో మన పిల్లలు చూసే నీలిరంగు ఇంజను థామస్ ఆయన కలమునుండి పుట్టినదే. తాలిథ్లిన్ మీద పనిచేసిన తరువాత ఆయన ఆ రైలును కూడా కథలలో పెట్టాడు. ముసలి తాలిథ్లిన్, డొల్గోఖ్‌లు అందులో స్కార్లోయి, రెనియాస్ అని పేర్లు మార్చుకొని కనిపిస్తాయి.

ఆడ్రీ గారు గార్డుగా చేసిన ఒక పొరపాటు మాకు చాలా ఇష్టమైనది. పైనున్న స్టేషనులో ప్రయాణికులకు టీ, ఫలహారాలు అమ్మే ఒకామె ఉండేది. తిరుగు బండిలో ఆమె కూడా ఎక్కాలి. పాదిరిగారు తొందరలో ఈల ఊది పచ్చజెండా ఊపేశారు, బండి కదిలిపోయింది, ఆమె వెనుకనే ఉండిపోయింది. ఈ సంగతిని ఆయన దాచుకొనలేదు. 1955లో వచ్చిన పుస్తకములో దానిని ఒక కథగా మలచి లోకానికంతటికి చెప్పేశారు. ప్రసంగ వేదికమీద తప్పుల గురించి మాట్లాడుట సులభము. తన తప్పును పిల్లల పుస్తకములో బొమ్మలతో అచ్చు వేయించుట అందరికీ చేతకాదు.

ఇన్నేండ్లలో అంతా సమాధానముగా జరిగిందని అనుకొనవద్దు. మొదటి సంవత్సరాలలోనే రెండు పక్షాలు వచ్చాయి. ఆ గడ్డి, ఆ పాత వాసన, ఆ నిదానము అలాగే ఉండాలని కొందరు. అలాగే ఉంచితే ఏదో ఒక రోజు పెట్టె బోర్లా పడుతుందని మరికొందరు. రోల్ట్ రెండు వేసవులు మేనేజరుగా ఉన్నాడు. పత్రికలో ఉత్తరము వ్రాసినంత తేలిక కాదు ఇటువంటి మనుషులను ఒకచోట నడిపించుట. ప్రతి ఒక్కరూ ప్రేమతో వచ్చినవారే. ప్రేమతో వచ్చినవారు దెబ్బలాడుకొంటే ఎలా ఉంటుందో సంఘ కమిటీలలో కూర్చున్న మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. క్రమముగా ఒక ఏర్పాటు కుదిరింది. ప్రతిదినము ఉండి బాధ్యత వహించుటకు కొద్దిమంది జీతగాళ్ళు, మిగిలిన భారము సెలవులలో వచ్చిపోయే స్వచ్ఛంద సేవకులది. ఎవరికి ఏ పని తెలిసినదో పరీక్షించి, నేర్పి, అప్పుడే అప్పగిస్తారు. ఇంజను నడపాలని ఆశపడి వచ్చిన కుర్రవాడు ముందు ఇంజను తుడుచుటతో మొదలుపెడతాడు. తరువాత బొగ్గు వేయుట, ఏండ్లు గడచిన తరువాత నడుపుట. చిన్నపిల్లలకు సైతము వారికి తగిన పనులు ఏర్పాటు చేస్తారు. 1951లో వచ్చినవారు ముసలివారై పోయారు, ఎంతోమంది గతించారు. ఆ వెనుక తరము అక్కడే నేర్చుకొనకపోతే ఈ రైలు రెండవసారి ఆగిపోయేది. మాకు తెలిసినంతలో ఇదే అన్నిటికంటె కష్టమైన పని. పాత ఇనుము దొరుకుతుంది గాని, ఆ ఇనుము సంగతి తెలిసిన చేయి బజారులో దొరకదు.

టవిన్ స్టేషనులో వారు ఒక మ్యూజియము కూడా పెట్టారు. చిన్న గేజి రైళ్ళ వస్తువులకు అదొక ప్రత్యేక స్థలము. రైలు మొదలైన కొద్ది ఏండ్లకే వస్తువులు పోగుచేయుట ఆరంభించారు. డబ్లిన్ నగరములోని గిన్నెస్ సారా కర్మాగారము తన ఆవరణలో తిరిగిన చిన్న ఇంజనును బహుమానముగా ఇచ్చింది. సారా కంపెనీ ఇంజనని మన పాఠకులు నొసలు ముడివేయవద్దు, అది మోసిన దానితో దానికేమి నిమిత్తము? పలకరాతి బండ్లు, సిగ్నళ్ళు, టిక్కెట్లు, పేరుపలకలు, ఒక్కొక్కటి మూతపడిన ఒక్కొక్క దారి జ్ఞాపకము. క్రొత్త భవనము 2005లో తయారైంది, అప్పటి యువరాజు చార్లెస్ వచ్చి దానిని తెరిచారు. మ్యూజియములో నిలువబడి వచ్చిన వారికి వివరములు చెప్పేది కూడా స్వచ్ఛంద సేవకులే. విల్బర్ట్ ఆడ్రీ గారు 1997లో పరమపదించారు. ఆయన చదువుకొనే గదిని, ఆయన సొంత సామానుతోనే, ఆ మ్యూజియములో మళ్ళీ అమర్చారు.

మ్యూజియము వస్తువుకు, నడిచే ఇంజనుకు నడుమ ఒక చిక్కు ఉన్నది. అద్దము వెనుక పెట్టిన వస్తువు అరగదు. దాని రంగు, దాని సొట్ట, దానిని వాడిన కూలివాని చేతిగురుతు అలాగే ఉంటాయి. పట్టాలమీద నడిచే ఇంజనుకు ఆ యోగము లేదు. తాలిథ్లిన్ ఇంజనును ఎంతో మార్చి కట్టితేనే గాని 1958లో అది తిరిగి పనిలోకి రాలేదు. డొల్గోఖ్ 1954లో మరమ్మతుకు వెళ్ళి 1963లో తిరిగివచ్చింది, తొమ్మిదేండ్లు! క్రొత్త బాయిలరు, క్రొత్త భాగాలు వేయగా వేయగా అసలు పాతది ఎంత మిగిలిందని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని వస్తువులను కదపకుండా ఉంచాలి, లేకపోతే రేపటివారికి సాక్ష్యముండదు. అందుకు మ్యూజియము. కాని ఇంజను నడవకపోతే దానిని నడిపే విద్య ఒక తరములో చచ్చిపోతుంది. రెండూ ఒకే ఊరిలో, ఒకే మనుషుల చేతిలో ఉండుట మా మట్టుకు మాకు సబబుగా తోచింది.

ఈ చిన్న కార్యము చూచి మరెందరో లేచారు. ఆ కొండలకు కొంత ఉత్తరమున ఫెస్టినియోగ్ రైలు 1955లో తిరిగి నడచింది. ఇంగ్లాండులో బ్లూబెల్ రైలు 1960లో మొదలైంది. 1953లో ఈ తాలిథ్లిన్ కథను చూచి ప్రేరణ పొంది ఒక హాస్య సినిమా కూడా తీశారు. అందులో ఇంజను నడిపేది ఊరి పాదిరే! మొదటి సంవత్సరము 15 వేల పైచిలుకు ప్రయాణాలతో మొదలైన తాలిథ్లిన్, 1973లో 1 లక్షా 80 వేలు దాటింది. ఆ పైన, గనికి పోయే పాత దారిలో ప్రయాణికులు ఎన్నడూ వెళ్ళని ముక్క ఒకటి మిగిలియుండెను. కొండ ప్రక్కన రాయి పగులగొట్టి, దారి వెడల్పు చేసి, పట్టాలు వేసి, 1976లో నాంట్ గ్వెర్నోల్ వరకు బండిని తీసికొనివెళ్ళారు. దానితో దారి పొడవు సుమారు పదకొండున్నర కిలోమీటర్లయింది. 2020 మార్చిలో కరోనా వచ్చి అన్ని రైళ్ళతో పాటు ఇది కూడా ఆగింది. బండి ఆగినా బొగ్గు షెడ్డు కప్పు కారకుండా చూడాలి, ఇనుము త్రుప్పు పట్టకుండా చూడాలి. 2021 జూలైలో యునెస్కో వాయవ్య వేల్సులోని పలకరాతి గనుల ప్రాంతమును ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినప్పుడు బ్రిన్ ఎగ్లూయిస్ గని, అబెర్‌గినోల్విన్ గ్రామము, తాలిథ్లిన్ రైలు అందులో ఒక భాగముగా చేరాయి. ఒకనాడు ఎవరి పట్టికలోనూ పేరు లేని రైలు ఇది!

మన సంఘాల బిడ్డలు చదువులకు, నర్సు ఉద్యోగాలకు, కంప్యూటరు పనులకు బ్రిటను వెళ్ళుచున్నారు. మీ ఇంటివారెవరైనా ఆ దేశములో ఉంటే ఈ మాట వారికి వ్రాయండి. టవిన్ వెళ్ళి తాలిథ్లిన్ రైలు ఎక్కాలి. ఎక్కేటప్పుడు తలుపు ఏ వైపున ఉన్నదో చూచుకోవాలి, రెండవ వైపు ఎంత లాగినా రాదు. డొల్గోఖ్ దగ్గర మూడు కమానుల వంతెన దాటేటప్పుడు క్రిందికి చూడాలి, ఎత్తు సుమారు 15 మీటర్లు. అబెర్‌గినోల్విన్‌లో దిగాలి. అక్కడి నుండి లోయలోపలికి కొంత దూరము పోతే థ్లాన్‌విహాంగెల్ అనే చిన్న పల్లె వస్తుంది. దానికి దగ్గరలో మేరీ జోన్సు పెరిగిన ఇంటి మొండిగోడల నడుమ ఆమె పేరున ఒక స్మారక స్తంభము ఉన్నది. తిరుగు బండి వేళ గార్డును అడిగి తెలిసికొని మరీ దిగమని చెప్పండి. ఆ టీ అమ్మే ఆమె వలె వెనుక ఉండిపోగలరు.